చీనా సాముగరిడీ చిత్రములందలి స్త్రీలు

విద్య యెవరికి నేర్పవచ్చును, ఎవరికి నేర్పరాదు అను ప్రశ్న మనకు ఏకలవ్యుని కథనాటినుండియు నున్నది. ఆ ప్రశ్నయే చీనా దేశపు సాముగరిడీ చిత్రములకును ప్రాణమని యీ వేసవివఱకు మే మెఱుగము. ఆ చిత్రము లనిన గోడలపై నెగురుట, బల్లలు విఱుగగొట్టుట, మగపిల్లలు చూచి కేకలు వేయుట, ఇంతియే యని తలచి యుంటిమి. సోదరీమణులలో పెక్కుర తలంపును అట్లే యుండునని మా యూహ.

మా పెద్దమ్మాయికి 11 ఏండ్లు. సెలవులలో మా యూర కఱ్ఱసాము నేర్పుచున్నారని విని తానును పోయెదనని పట్టుపట్టినది. మా యత్తగారు, "ఆడపిల్లకు గరిటె త్రిప్పుట వచ్చిన చాలును, కఱ్ఱ త్రిప్పుట యెందుకే తల్లీ?" అనిరి. అయినను పిల్లను వెంటబెట్టుకొని పోయి యడిగితిమి. నేర్పువారు మర్యాదగానే మాటలాడిరి. "ఆడపిల్లలకు ఆత్మరక్షణకు పనికివచ్చు నాలుగు పట్టులు రెండు నెలలలో చెప్పి పంపుదుమమ్మా. పోటీలవఱకు మగపిల్లలనే తయారు చేయుదుము" అని సెలవిచ్చిరి. పిల్ల దారి పొడుగునను నోరు మెదపలేదు. ఇల్లు చేరి చెప్పులు విడుచుచు, "అమ్మా, నాలుగే యెందుకు? అయిదవ పట్టు నాకు రాదా?" అని యడిగెను. మాకు బదులు తోచలేదు.

మా వారు బడిపంతులు. ఆ రాత్రి వారు పిల్లను పిలిచి, "నీ ప్రశ్నను నీకంటె ముందే వేఱొక దేశమున నడిగినవారున్నారు, చూడుము" అని టెలివిజనులో ఒక పాత చీనా చిత్రమును పెట్టిరి. అది మొదలు నెలదినములు, వంటిల్లు సర్దుకొన్న పిదప అందఱమును కూర్చుండి యొక్కొక్క చిత్రమును చూచుట మా యింట నియమమయ్యెను. అట్లు చూచినదానిని, దానినిగుఱించి చదివినదానిని చదువరులతో పంచుకొనుటకే యీ వ్యాసము.

మొదట మమ్ము ఆశ్చర్యపఱచిన విషయమొకటి కలదు. ఈ చిత్రములలో స్త్రీ నడుమ వచ్చి చేరినది కాదు, మొదటినుండియు నున్నది. షాంఘై నగరమున 1928లో మింగ్‌సింగ్ అను సంస్థవారు 'ఎఱ్ఱతామర యాలయ దహనము' అను మూకీ చిత్రమును తీసిరి. జనులు విరగబడి చూచుటచే 1931 లోపల దానికి 18 భాగములు వెలువడెను. నాటి మేటి నటి హూ డియే అందు వీరవనితగా నటించెను. ఇట్టి చిత్రములు మూఢవిశ్వాసములను పెంచుచున్నవని చీనా ప్రభుత్వము 1930ల తొలి యేండ్లలో వానిని నిషేధించినది. ఆ చిత్రము నేడు మనకు దక్కలేదు. దక్కినవానిలో 1929 నాటి 'ఎఱ్ఱ వీరవనిత' యొకటి. అందు ఫాన్ షుయెపెంగ్ ధరించిన పాత్ర ఒక పల్లెపడుచు. సేనలు ఊరిపై పడగా అవ్వను పోగొట్టుకొని చెఱబడును. ఒక వృద్ధతాపసి యామెను విడిపించి, శిష్యురాలిగా చేకొని సకలవిద్యలు నేర్పును. పిదప నామె మేఘములపై నెగిరివచ్చి దుష్టులను శిక్షించును.

మేఘములపై నెగురుట పిల్లల కథవలె తోచవచ్చును. కాని చూచినవా రెవరో తలపోయవలెను. చీనాలో తరతరములుగా ఆడుపిల్లల పాదములను చిన్ననాడే గుడ్డపీలికలతో బిగించి, వ్రేళ్ళు లోనికి మడచి, పెరుగకుండ కట్టివేయు నాచారముండెను. 1912లో నూతన గణతంత్ర ప్రభుత్వము దానిని నిషేధించినను పల్లెలలో మఱి కొన్ని దశాబ్దములు సాగెను. కావున 1929లో ఆ చిత్రమును చూడవచ్చిన తల్లులలో నూఱడుగులు తిన్నగా నడువలేనివా రెందఱుండిరో! అట్టివారికి తెరపై నొక యాడుది నేల విడిచి యెగురుట వట్టి వినోదమై యుండునా?

ఈ వీరవనితకు పుట్టినిల్లు నాటకరంగము. పెకింగు సంగీతనాటకములలో 'వూదాన్' అని యుద్ధమాడు స్త్రీపాత్ర యొకటి కలదు. చిత్రమేమనగా, ఆ రంగమున చిరకాలము స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. మేయ్ లాన్‌ఫాంగ్ అను నటుడు అందులకు లోకప్రసిద్ధుడు. స్థానం నరసింహారావుగారి సత్యభామను గుఱించి విన్న మనకు ఇది వింత కాదు. స్త్రీ యుద్ధము చేయవచ్చును గాని, ఆ స్త్రీ స్త్రీయై యుండరాదు! తెరమీదకు వచ్చిన పిదపనే యా పాత్ర తన దేహమును తాను పొందినది.

ఇక మేము కన్నులార చూచినవానికి వత్తము. మా వారు పెట్టిన తొలి చిత్రము 'కమ్ డ్రింక్ విత్ మీ'. హాంగ్‌కాంగులో షా సోదరుల సంస్థకై కింగ్ హూ అను దర్శకుడు 1966లో దీనిని తీసెను. ఒక ప్రాంతాధికారి కుమారుని దొంగలు పట్టుకొనిపోయి, చెఱలోనున్న తమ నాయకుని విడువుమందురు. సోదరుని విడిపించుటకు అధికారి కుమార్తె పురుషవేషమున బయలుదేఱును. ఆమె పేరు 'బంగారు వానకోవెల'. పూటకూళ్ళయింట నొంటిగా కూర్చుండగా దొంగలందఱు చుట్టుముట్టుదురు. ఆమె తొందరపడదు. కూర్చున్నచోటినుండియే వారి యాటలన్నిటికి బదులు చెప్పును. ఈ పాత్రను ధరించిన చెంగ్ పేపే అప్పటికి ఇరువదేండ్ల పడుచు. చిన్ననాడు బాలే నాట్యము నేర్చినది. ఆమె ఖడ్గము త్రిప్పుటలో పగ కనబడదు, తాళము కనబడును. మా పిల్ల కన్నార్పక చూచినది.

అయినను చిత్రము సగము గడచునప్పటికి ఆ వీరవనితకు విషపు ములికి తగులును. త్రాగుబోతువలె తిరుగు నొక భిక్షుకుడు ఆమెను కాపాడును. అతడు మాఱువేషమున నున్న మహావీరుడు. చివరి మహాయుద్ధ మతనిదే యగును. "మొదలు పెట్టినది ఆమె గదా, ముగించినవా డతడేమి?" అని మా పిల్ల యడిగెను.

మేము వెంటనే పోతనగారి భాగవతమును తలచితిమి. నరకాసురునితో పోరునపుడు సత్యభామ జడ బిగించి, విల్లందుకొని చేసిన యుద్ధమును ఆంధ్రదేశమున మెచ్చని యిల్లాలు లేదు. కాని యందు నరకుని శిరస్సు ఖండించినది సత్యభామ బాణము కాదు, శ్రీకృష్ణుని చక్రము. చీనావారి నొక్కరినే యేల తప్పుపట్టవలెను? యుద్ధము స్త్రీది, ముగింపు పురుషునిది అను పద్ధతి మన యింటను ఉన్నదే.

మఱుసటి యేట, అనగా 1967లో, అదే షా సోదరుల సంస్థనుండి చాంగ్ చే అను దర్శకుని 'ఒంటిచేతి ఖడ్గవీరుడు' వెలువడెను. అతనికి పురుషవీరమే యిష్టము. ఇందు గురువుగారి కూతురు పెంకితనమున కథానాయకుని కుడిచేయి నఱుకును. నెత్తురు కాఱుచు పోవువానిని ఒక పల్లెపడుచు చేరదీయును. ఆమెవద్ద తండ్రి విడిచిపోయిన సాముగ్రంథ మొకటి, సగము కాలినది, ఉండును. మిగిలిన సగము ఎడమచేతి విద్యకు సంబంధించినది. ఆమె దాని నతని చేతిలో పెట్టును. అతడు చదివి మహావీరుడగును. వికలాంగుడైనవాడు కథానాయకుడగుట మెచ్చదగినదే. కాని యా గ్రంథము ఆ పడుచు నింట నన్నియేండ్లు పడియుండెను! దానిని దాచుట ఆమె వంతు, చదువుట యతని వంతు. మన యిండ్లలో తాళపత్రములు, పెట్టెలలో పుస్తకములు భద్రముగా తుడిచి దాచి, ఒక్కపుట యైనను విప్పనోచని పూర్వపు ఇల్లాండ్రు మాకు కన్నులకు కట్టిరి.

1968లో చాంగ్ చే 'గోల్డెన్ స్వాలో' తీసెను. బంగారు వానకోవెల పేరే చిత్రము పేరు. చెంగ్ పేపేయే నటి. అయినను కథ యంతయు ఆమెను ప్రేమించు ఖడ్గవీరుని చుట్టును, అతని పంతము చుట్టును తిరుగును. గుమ్మముపై నామె పేరు వ్రాసి లోపల మగవారు కాపురమున్నట్లున్నది.

కింగ్ హూ మాత్రము తన త్రోవ విడువలేదు. తైవాను ద్వీపమునకు పోయి 1967లో 'డ్రాగన్ ఇన్'ను, పిదప 'ఎ టచ్ ఆఫ్ జెన్'ను తీసెను. ఈ రెండవదానిలో షు ఫెంగ్ ధరించిన కన్య, శత్రువులు తండ్రిని చంపగా దాగి తిరుగుచుండును. ఆమెకు తోడైన యువకుడు పండితుడు, చిత్రకారుడు, కత్తి పట్టనెఱుగడు. యుద్ధము ఆమెది, ఆలోచన యతనిది. వెదురుతోపులోని పోరు నేటికిని చిత్రకళాభిజ్ఞులు చెప్పుకొనునది. 1975లో ఫ్రాన్సు దేశపు కాన్ చిత్రోత్సవమున ఈ చిత్రమునకు సాంకేతిక ప్రతిభకై గొప్ప బహుమాన మిచ్చిరి.

మా యత్తగారిని మాతో కూర్చుండబెట్టిన చిత్రము వేఱు. అది 1981 నాటి 'మై యంగ్ ఆంటీ'. మన మాటలో 'చిన్నారి పినతల్లి' అనవచ్చును. లావ్ కార్‌లియంగ్ దర్శకుడు. మరణశయ్యపై నున్న ముసలి భూస్వామి తన యాస్తి దుష్టుడైన తమ్ముని పాలు గాకుండుటకై, ఇంట పనిచేయు సాము నేర్చిన పడుచును పెండ్లియాడును. ఆయన పోయిన పిదప ఆమె దస్తావేజులు పట్టుకొని భర్త అన్నదమ్ముల బిడ్డ యింటికి వచ్చును. వావిని బట్టి ఆమె పినతల్లి. వయసును బట్టి ఆ బిడ్డయే ఆమెకు తండ్రివంటివాడు! నెరసిన వెండ్రుకలవాడు కుఱ్ఱదానికి సాగిలపడి మ్రొక్కుచుండగా మా యత్తగారు కండ్లనీళ్ళు వచ్చునట్లు నవ్విరి. "వావివరుస యనగా అదీ! చిన్నదైననేమి, పెద్దఱికము పెద్దఱికమే" అనిరి. పినతల్లినైతినను బింకముతో గంభీరముగా నుండబోయి, కోపము రాగానే పావడ దోపి కలియబడు నా పడుచుగా కారా హుయ్ నటించెను. 1982లో హాంగ్‌కాంగు చలనచిత్ర పురస్కారములు తొలిసారి యిచ్చినపుడు ఉత్తమనటి యామెయే. చివరి పోరాటమున మాత్రము పెద్దపాలు మగవారిదే. అది చూచి మా పిల్ల, "ఇక్కడను అంతేనా!" అని నిట్టూర్చినది.

ఈ దర్శకుడే 1978లో 'షావోలిన్ ముప్పదియాఱవ గది' అను చిత్రమును తీసియుండెను. మంచూ పాలకుల దౌర్జన్యమునకు తాళలేక ఒక యువకుడు షావోలిన్ బౌద్ధమఠము చేరి, అచ్చటి 35 గదులలోని సాధనలన్నిటిని దాటును. మఠాధిపతులు ఏ గదికి అధికారివి కావలెనని యడుగగా, ముప్పదియాఱవ గది కావలెనని, అందు మఠము బయటి సామాన్యజనులకు విద్య నేర్పెదనని చెప్పును. మఠపు గోడ దాటి విద్య బయటికి పోరాదు. అందుచే వా రతనిని శిక్షించినట్లే శిక్షించి లోకములోనికి పంపుదురు. విద్యను దాచుట కంటె పంచుటయే వీరమని చాటిన యీ చిత్రమును మేము మిక్కిలి మెచ్చితిమి. అయినను ఆ ముప్పదియాఱవ గదిలో నొక్క యాడుపిల్లయు మాకు కనబడలేదు.

స్త్రీపురుష భేద మొక్కటియే కాదు, దేశభేదమును జాతిభేదమును ఈ చిత్రములు చూపు తీరు ఆలోచింపదగినది. బ్రూస్ లీ నటించిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' 1972 నాటిది. అందు షాంఘైలో నొక యుద్యానద్వారమున, కుక్కలకును చీనావారికిని ప్రవేశము లేదను పలక యుండును. కథానాయకుని అడ్డగించి యా పలకను చూపు కావలివాడెవరో కాదు, తలపాగ ధరించిన మన సిక్కు సోదరుడు. ఆంగ్లేయులు షాంఘైలో సిక్కులను పోలీసులుగా నుంచిన మాట చరిత్రయే. మేము చీనా చిత్రములలో మనవారిని వెదకితిమి. కనబడినచోట ఇంకొకరి గుమ్మముకడ పరాయివాని యాజ్ఞను మోయుచు కనబడిరి. సిగ్గుపడితిమని వ్రాయుటకు వెనుదీయము. ఆ చిత్రమునందే జపానువారందఱు దుర్మార్గులు. పెక్కు షావోలిన్ చిత్రములలో మంచూ లట్లే. తనవారిని మానవులుగా చూపుటకై పరులను బొమ్మలుగా చేయుట యే దేశమువారికైనను సులభమైన పని.

బ్రూస్ లీ జీవితము చిత్రముల కంటె విశాలమైనది. అమెరికాలో సియాటిల్ నగరమున ఆయన తొలి శిష్యుడు జెస్సీ గ్లోవర్ అను నల్లజాతీయుడు. చీనావాడా కాదా యని ఆయన చూడలేదు. ఆయన చిన్ననాడు హాంగ్‌కాంగులో నేర్చిన విద్య పేరు వింగ్ చున్. ఆ విద్యాసంప్రదాయమువారు చెప్పుకొను కథలో దానిని కనుగొన్నది ఎన్‌గ్ ముయ్ అను సన్న్యాసిని. నేర్చినది, తన పేరు దానికిచ్చినది యిమ్ వింగ్ చున్ అను కన్య. కథయైనను ఎంత చక్కని కథ!

కాని 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్'లో బ్రూస్ లీకి చెల్లెలుగా నటించిన ఏంజెలా మావ్ గతి చూడుడు. పెక్కుమందిని ఒంటిగా నెదిరించి, దారి మూసికొనిపోగా, వారికి చిక్కక తన ప్రాణము తానే తీసికొనును. ఆమె చావు అన్నగారి పగకు కారణమగుటకే. అంతకుముందేటి 'హాప్‌కిడో'లో ఆ నటియే తుదివఱకు నిలిచి గెలిచినది. అది ఆమె కథ. ఇది అన్నగారి కథ. భేద మంతయు అచ్చటనే యున్నది.

తుదకు 2000లో తైవాను దర్శకుడు ఆంగ్ లీ తీసిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'ను చూచితిమి. 2001లో నాలుగు ఆస్కారు బహుమానములు పొందిన యీ చిత్రములో ముగ్గురు స్త్రీలు ముఖ్యులు. మలేషియాలో పుట్టిన మిషెల్ యో ధరించిన యోధురాలు మర్యాదను మీఱదు. మనసులోని ప్రేమను నోట పలుకక జీవితమంతయు గడపును. జాంగ్ జియీ ధరించినది గొప్పయింటి కన్య. ఇష్టములేని పెండ్లి దాటి పాఱిపోగోరును. మూడవది, 'పచ్చనక్క' యను పేరుగల దుష్టురాలు. ఆ పాత్రను ధరించినది ఎవరని తలంతురు? 1966 నాటి బంగారు వానకోవెల, చెంగ్ పేపేయే.

పచ్చనక్క కథ విని మేము చాలసేపు మాటలాడలేకపోతిమి. వూదాంగ్ కొండమీది గురు వొక డామెను శయ్యకు తగినదిగా నెంచెను గాని విద్యకు తగినదిగా నెంచలేదు. ఆమె యతనికి విషము పెట్టి, సాముగ్రంథమును దొంగిలించి పాఱిపోయినది. గొప్పయింట దాదిగా దాగి, ఆ యింటి కన్యకు రహస్యముగా సాము నేర్పినది. కాని దాదికి చదువు రాదు. గ్రంథములోని బొమ్మలను చూచి తోచినంత నేర్చుకొనెను. శిష్యురాలికి చదువు వచ్చును. అక్షరములు చదివి గురువును దాటిపోయి, ఆ మాట గురువునకు తెలియనీయక యేండ్లకొలది దాచెను. ఒక్క గ్రంథము, ఇద్దఱు స్త్రీలు. ఒకతె బొమ్మలకడ నిలిచిపోయినది, ఒకతె అక్షరములలోనికి పోయినది. నిజము తెలిసిననాడు పచ్చనక్క పడిన వేదన చూచి, హంతకురాలని తెలిసియు, మేము కన్నీరు పెట్టుకొంటిమి. 1967 నాటి పడుచు గ్రంథమును మగవాని చేతిలో పెట్టినది. 2000 నాటి పచ్చనక్క చేతిలో గ్రంథమున్నను అక్షరము లేదు.

మా తండ్రిగారు అరుగుమీద మా యన్నగారికి అమరము చెప్పుచుండగా, మేము తలుపుచాటున బియ్యములో రాళ్ళేరుచు విని నేర్చితిమి. ఒకనాడు అన్నగారు తడబడగా లోపలినుండి మేము అందించితిమి. తండ్రిగారు కొంతసేపు మౌనముగా నుండి, "చాట వదలి యిటు రా" యని పిలిచి అన్నగారి ప్రక్కన కూర్చుండబెట్టిరి. ఆ పిలుపు రాకున్న మేమును బొమ్మలు చూచి నేర్చినవారమే యగుదుము. చాటున విన్నది కొంత వచ్చును. తప్పు దిద్దువారు లేరు. ఎదుట కూర్చుండి నేర్చినదే విద్య. నాలుగు పట్టులు చెప్పి పంపుట యనగా గుమ్మముదాక పిలిచి తలుపు మూయుటయే.

చెంగ్ పేపే 2024లో కాలధర్మము చెందెను. అంతకు ముందటి యేట మిషెల్ యో ఉత్తమనటిగా ఆస్కారు బహుమానము పొందెను. ఆసియాజాతి స్త్రీకి అది దక్కుట అదే మొదలు. ఒకరు తెఱచిన త్రోవలో ఒకరు నడచుచున్నారు.

సోదరీమణులారా, ఇట్టి చిత్రములను పిల్లలు చూచునపుడు మీరును ఒక్కసారి ప్రక్కన కూర్చుండుడు. ఖడ్గము పట్టిన స్త్రీ కనబడగానే తృప్తిపడక మూడు మాటలు విచారింపుడు. ఆమెకు నేర్పిన దెవరు? ఆమె తన పనికై పోవుచున్నదా, పరుల కథకు తోడుగా పోవుచున్నదా? చివరి దెబ్బ యెవరిది? మన పురాణములను, మన చిత్రములను, మన యిండ్లను సైతము ఈ మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

మా వారు మరల పోయి కఱ్ఱసాము నేర్పువారితో మాటలాడిరి. "ఒక యేడాది మగపిల్లలతో పాటు రానిండు, నిలిచిన చూతము" అని వారనిరట. ఆ మాట పూర్తిగా ఔననుట కాదు, కాదనుటయు కాదు. తెల్లవాఱుజామున అయిదు గంటలకు పోవలెను. పిల్లను లేపుచున్నవారు మా యత్తగారు.